ఎలివేషన్ షీట్లు వేయించే ముందు వెనక గోడ సంగతి చూసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్తిల్లు కడుతూ ముందు గోడకి క్లాడింగ్ (అందం కోసం గోడ మీద తొడిగే షీట్లు, రాళ్ళు) వేయించాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళు ఒకసారి ఇది చదవండి. నేను వేయించాను. మూడేళ్ళు నిండకుండానే మొత్తం పీకించాను.

మాది శ్రీకాకుళంలో గార వెళ్ళే రోడ్డు వైపు. కిందా పైనా రెండు పోర్షన్లు, తూర్పు ముఖం. ఎలివేషన్ అదిరిపోవాలని మా తమ్ముడి పోరు. చెక్కలా కనపడే హెచ్‌పీఎల్ షీట్ల ఫొటోలు సెల్లో చూసి మా ఆవిడా సరేనంది. 420 చదరపు అడుగులు, ఫ్రేముతో కలిపి అడుగుకి 320 రూపాయలు. లక్షా ముప్పై నాలుగు వేలు దాటింది. కాంట్రాక్టరు పేరు రాయను. పేరుతో మీకు పని లేదు, పని ఎలా చేశాడో తెలిస్తే చాలు.

అసలు దెబ్బ షీట్లు రాకముందే పడింది. ముందు గోడకి ఒక చేయి ప్లాస్టరింగ్ అయింది. రెండో చేయి, వాటర్‌ప్రూఫ్ పూత, రంగు మిగిలున్నాయి. "షీటు ఏసేత్తే గోడెవులికి కనబడతాది బాబూ, దండగ కర్చు" అన్నాడు కాంట్రాక్టరు. ముప్పై వేలు మిగులుతాయని నేనూ తలూపాను. ఆ గరుకు గోడలోకే బోల్టుల కోసం వందకి పైగా కన్నాలు కొట్టారు. పైన పిట్టగోడ దగ్గర షీటుకీ గోడకీ మధ్య సందు సిలికాన్‌తో పూడ్చారు. కింద అంచు అందంగా ఉండాలని బీడింగ్ కొట్టి మూసేశారు.

మొదటి ఎండాకాలానికే సిలికాన్ పగిలింది. వానాకాలంలో నీళ్ళు పైనుంచి దిగాయి, కింద దారి లేక లోపలే నిలిచాయి. ఈ సంగతి మాకు బయటినుంచి తెలియలేదు. పై బెడ్‌రూములో వార్డ్‌రోబు వెనక్కి చెయ్యి పెడితే తడి తగిలింది. పక్కకి జరిపి చూస్తే గోడ మీద నల్లటి బూజు, పెచ్చులు.

ఈలోగా బయట ఒక్కో స్క్రూ కింద గోధుమ రంగు చారలు దిగాయి, ఎవరో పైనుంచి కిళ్ళీ ఉమ్మినట్టు. స్టీలు స్క్రూలన్నాడు కదా అని మా బాబు దగ్గరున్న ఫ్రిజ్ అయస్కాంతం పెట్టి చూశాను, టక్కున అంటుకుంది. ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 304, 316 రకాల స్క్రూలైతే అలా గట్టిగా పట్టుకోవు. ఉప్పుగాలికి తట్టుకునేది 316, దాన్లో మాలిబ్డినం కలుస్తుంది. 304కీ 316కీ తేడా అయస్కాంతం చెప్పలేదు, అందుకే బిల్లులో రాయించుకోవాలి. ఫ్రేము పైపుల విషయంలో మాత్రం ఆయన అబద్ధమాడలేదు, అవి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులే. కానీ వెల్డింగ్ పెట్టిన చోట జింకు పూత కాలిపోతుంది. అక్కడ మళ్ళీ జింకు పెయింటు వేయాలి. మాకు వేయలేదు. విప్పినప్పుడు చూస్తే పైపు మధ్యలో బానే ఉంది, అతుకు దగ్గర వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలింది.

పోయిన అక్టోబరులో వాయుగుండం గాలికి మూల షీటు ఒకటి లేచిపోయి పక్కింటివాళ్ళ స్కూటీ మీద పడింది. పిల్లలెవరూ కింద లేరు, మా అదృష్టం. గాలి షీటుని లోపలికి తోస్తుందని అనుకుంటాం గానీ అంచుల్లో, మూలల్లో బయటికి లాగేస్తుంది. అందుకే అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా ఉండాలి. మాకు అంతటా ఒకే దూరం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరిచెట్లు ఏమయ్యాయో చూసినవాళ్ళం మనం. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గరే దాటింది. హైదరాబాదు ఇళ్ళ ఫొటోలు చూసి మనమూ వేయించుకుంటే ఎలా?

షీటు నాణ్యత ఇంకో కథ. హెచ్‌పీఎల్ అంటే రెజిన్‌లో తడిపిన కాగితం పొరల్ని వేడిమీద నొక్కి చేసేది. బయట వాడేదానికి ఎండ తట్టుకునే పై పొర ఉండాలి. కంపెనీ టెస్ట్ సర్టిఫికెట్‌లో ఈఎన్ 438-6 (బయట వాడే షీట్లకి యూరప్ ప్రమాణం) అని ఉందా లేదా చూడండి. మాకు సర్టిఫికెట్టే ఇవ్వలేదు. తూర్పు ఎండ పడే షీట్లు రెండో ఏడాదికే వెలిసి చింతపండు రంగుకి తిరిగాయి, బాల్కనీ నీడలో ఉన్నవి కొత్తవాటిలా ఉన్నాయి.

ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్లు వేయించాల్సింది అన్నారు కొందరు. దాన్లో రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య మామూలుగా ఉండేది పాలీఇథిలీన్, అంటే ప్లాస్టిక్కే. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది పోయారే, ఆ భవనానికి తొడిగిందీ ఆ రకమే. కరెంటు మీటరు ముందు గోడకే బిగించుకునే మనం అది కూడా ఆలోచించాలి. రాయి మేలన్నవాళ్ళూ ఉన్నారు. విజయనగరంలో మా పిన్ని వాళ్ళు సిమెంటు పాలతో రాళ్ళు అంటించారు, సందుల్లోంచి తెల్లగా ఉప్పు పొంగింది, రెండు పలకలు ఊడిపడ్డాయి. 20 ఎంఎం గ్రానైటు అడుగు పలక అయిదు కిలోలుంటుంది. ఎత్తులో పెట్టేది కేవలం గమ్ము మీద, సిమెంటు మీద వదలకూడదు, క్లాంపులుండాలి.

అయినా వేయించాలనే ఉంటే గోడని ముందు పూర్తి గోడలా చేయించండి, క్లాడింగ్ లేకపోయినా వానకి నిలిచేలా. పైన రేకు మూత, కింద గాలీ నీరూ పోయే సందు అడగండి. ఆ సందుకి జాలీ కూడా. మా షీట్ల వెనక ఉడత గూడు, కందిరీగల తుట్టె దొరికాయి. పనివాడికి రెండుచోట్ల కుట్టాయి, ఆ రోజు కూలీ డబల్ ఇచ్చాను.

పరంజా కట్టి షీట్లు విప్పడానికి, కన్నాలు పూడ్చి రెండో చేయి ప్లాస్టరింగ్ చేయించడానికి ఇప్పటికి అరవై రెండు వేలైంది. కాంట్రాక్టరు మొదట్లో రేపొస్తా అనేవాడు, ఇప్పుడు ఫోనే ఎత్తడు. గోడలో చెమ్మ ఇంకా ఉంది, సంక్రాంతి దాటేదాకా రంగు ముట్టుకోనంటున్నాడు మేస్త్రి. విప్పిన షీట్లలో బాగున్నవి నాలుగు పెరట్లో బాత్రూముకి తలుపులుగా కొట్టించాను.