రెండు పాత ప్రేమ నవలలు: విడాల్ ఒకవైపు, ఫార్‌స్టర్ ఒకవైపు

ప్రేమ కోసం వెతుక్కునే గే కుర్రాడి కథలు రెండు: గోర్ విడాల్ 'ద సిటీ అండ్ ద పిల్లర్' (1948), ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్'. ఒక్కటే చదివే తీరిక ఉంటే రెండోదే చదవండి.

విడాల్ నవల నన్ను బాగా నిరాశపరిచింది. వర్జీనియా టెన్నిస్ కుర్రాడు జిమ్, స్నేహితుడు బాబ్‌తో నది ఒడ్డున గడిపిన ఒక్క వారాంతాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి వేలాడతాడు. మధ్యలో ఒక హాలీవుడ్ నటుడు, ఒక రచయిత వచ్చిపోతారు. ఎవరూ మనసులో నిలవరు. వాక్యాలు రిపోర్టులా పొడిపొడిగా ఉంటాయి. (ముగింపు చెప్పేస్తున్నా, వద్దంటే ఈ పేరా దాటేయండి.) చివర జిమ్ బాబ్‌ను చంపేస్తాడు. 1965లో తిరగరాసినప్పుడు హత్య తీసేసి అత్యాచారం పెట్టారు. ఏం మారినట్టు? కాకపోతే ఆ రోజుల అమెరికాలో ఇలాంటి హీరోని మామూలు కుర్రాడిగా చూపించడానికి గుండె ధైర్యం కావాలి.

'మారిస్' 1913-14లో రాసినా, రచయిత పోయాక 1971లో గానీ అచ్చు కాలేదు. కేంబ్రిడ్జిలో హీరో మారిస్‌ని ప్రేమించిన క్లైవ్ పెళ్లి చేసుకుని తప్పుకుంటాడు. మారిస్ తన గే స్వభావాన్ని 'నయం' చేయించుకుందామని హిప్నాటిస్టు దగ్గరికి వెళ్తాడు. ఒక రాత్రి, క్లైవ్ ఎస్టేటులో పనిచేసే అలెక్ నిచ్చెనెక్కి కిటికీలోంచి మారిస్ గదిలోకి దిగుతాడు. తెల్లారేసరికి ప్రేమ పక్కనే అనుమానం. అలెక్ రాసిన ఉత్తరం బెదిరింపేమోనని మారిస్‌కి ఒకటే టెన్షన్. బ్రిటిష్ మ్యూజియంలో ఇద్దరూ తగువుపడుతూనే దగ్గరవుతారు. అలెక్ ఇంకాస్త ముందే కథలోకి రావాల్సింది.