భువనగిరి కోట: ఎండ రాకముందే ఎక్కేయండి

ఒక్క పూటలో వెళ్లొచ్చే కోట ఏదని ఎవరైనా అడిగితే నేను గోల్కొండ చెప్పను, భువనగిరి చెప్తాను. హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డు మీద దాదాపు 50 కిలోమీటర్లు. మేం ఉప్పల్‌లో బస్సెక్కాం. కోట ఊరిని ఆనుకునే ఉంది కాబట్టి కారు లేదన్న బెంగ అక్కర్లేదు.

కొండంటే చెట్లూ పుట్టలూ అనుకోకండి. మొత్తం ఒకటే బండ, 500 అడుగుల పైనే ఎత్తు, బోడిగుండులా నున్నగా ఉంటుంది. మెట్లు ఆ బండలోనే చెక్కారు. ఒకటి జానెడు, పక్కది మూరెడు. అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. నాలాంటి మోకాళ్ల నొప్పులవాళ్లు రెయిలింగ్ వదలొద్దు. పది దాటితే ఆ ఇనుప గొట్టమూ పట్టుకోలేనంత కాలుతుంది. వానలో అసలే వద్దు, కాలు నిలవదు.

సగం దారిలో మా మేనకోడలు "అత్తమ్మా, ఇక నా వల్ల కాదు" అని కూలబడింది. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మన గురుకుల పిల్లలు పూర్ణ, ఆనంద్ అంతకుముందు ఈ బండ మీదే ఎక్కడం నేర్చుకున్నారని చెప్పాను. ఏమీ మాట్లాడకుండా లేచి నాకంటే ముందు పైకి చేరింది.

కట్టించింది పశ్చిమ చాళుక్యుల త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు. తర్వాత కాకతీయులది అయింది. 1708లో సర్వాయి పాపన్న దీని మీద దాడి చేశాడు. కింది నుంచి చూస్తే ఎలా తెగించాడా అనిపిస్తుంది! పైన మిగిలింది కూలిన గోడలు, కమానులు, బండలో నీళ్లు నిలిచే గుంటలు. రాజభవనం అంటే ఏదో ఊహించుకుని వెళ్తే నిరాశే. కానీ పైకప్పు లేని ఆ గదుల్లో గాలి ఉంటుంది చూడండీ, చెమటంతా క్షణంలో ఆరిపోయింది. కింద ఊరు, పొలాలు, రైలు పట్టాలు అన్నీ కనిపిస్తాయి.

నచ్చనిది మనవాళ్ల చేతిదురదే. సున్నం గోడ మీద మేకుతో గీకిన పేర్లు, మధ్యలో బాణం గుచ్చిన గుండె బొమ్మలు. నీటి గుంటలో చిప్స్ ప్యాకెట్లు. ఇంత కష్టపడి ఎక్కి చేసే పని ఇదా?

ఐదుకి నాలుగు ఇస్తాను. మంచినీళ్లు కిందే కొనుక్కోండి, మనిషికో లీటరు. యాదగిరిగుట్ట కూడా పెట్టుకునేవాళ్లు ముందు కోట ఎక్కండి. దర్శనం క్యూలో కనీసం నీడైనా ఉంటుంది.