పసుపు రంగు వై టైప్ బస్సు బొమ్మ: సైడ్ మిర్రర్ విరిగొచ్చింది, అయినా వెనక్కి పంపలేదు

మాది బరంపురం, ఊరు ఒడిశాదే గానీ ఇంట్లో తెలుగే. బస్సు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పని నాది, కాబట్టి బొమ్మలు కలెక్ట్ చేసేవాళ్లు రాసే రివ్యూలా ఉండదిది, ముందే చెప్తున్నా.

కొన్నది అలెగ్జాండర్ వై టైప్ అనే బ్రిటిష్ సింగిల్ డెక్కర్ బస్సు బొమ్మ, అసలు బండిలో 76వ వంతు సైజు. అసలు బండి 36 అడుగులు, ఇది 14 సెంటీమీటర్ల చిల్లర, టేపు పెట్టి చూశా, లెక్క సరిపోయింది. సెకండ్ హ్యాండ్‌దే నాలుగు వేల పైన పడింది, ఇంట్లో మాత్రం సగమే చెప్పాను.

దీని అందమంతా పక్క కిటికీల్లోనే ఉంది. పొడుగాటి గ్లాసులు, మధ్యలో పిల్లర్లు నిలువుగా కాకుండా వాలుగా ఉంటాయి, దాంతో బండి ఆగున్నా ముందుకి పోతున్నట్టే కనబడుతుంది. చిన్న కిటికీల రకం కూడా కట్టారు గానీ నా కంటికి ఇదే. మా మేస్త్రీకి చూపిస్తే అరచేతిలో తిప్పి తిప్పి చూసి "పిల్లర్ ఇలా పెడితే గ్లాసు ఎవుడు కోస్తాడ్రా, అయ్యా కొడుకులిద్దరూ కూర్చోవాలి" అన్నాడు. నిజమే, మా దగ్గర అన్నీ చదరపు కిటికీలు, జరిపే గ్లాసులు, ఒకటి పగిలితే సాయంత్రానికి ఇంకోటి పడిపోతుంది.

ఆ 36 అడుగుల వెనక కథ ఉంది. 1961లో అక్కడ బస్సు పొడవు 30 అడుగుల నుంచి 36కి పెంచుకోవచ్చని రూలు మారింది, ఆ రోజుల్లోనే స్కాట్లాండ్‌లోని ఫాల్కిర్క్‌లో వాల్టర్ అలెగ్జాండర్ బాడీ కంపెనీవాళ్లు ఈ డిజైన్ తెచ్చారు, ఇంక 1983 దాకా కడుతూనే ఉన్నారు. ఇరవై ఏళ్ల పైమాట! మా ఓనర్లు దసరాకి ముచ్చటపడి పెట్టించుకున్న బస్సు ముఖం ఉగాదికి పాతదైపోయిందంటారు. చాసీ, అంటే ఇంజను, చక్రాలున్న కింది ఫ్రేము ఒకడిది, బాడీ ఇంకొకడిది, ఇక్కడ మేం చేసేదీ అదే కదా. లేలాండ్ లెపర్డ్, ఏఈసీ రిలయన్స్, బెడ్‌ఫోర్డ్, ఫోర్డ్, ఏ చాసీ వచ్చినా దాని మీద ఇదే బాడీ ఎక్కించారు. నాది లెపర్డ్ మీదది. లేలాండ్ వాళ్లకి పులుల పిచ్చి అప్పటిదే, అక్కడ టైగర్, లెపర్డ్, ఇక్కడ మన అశోక్ లేలాండ్‌లో చీతా.

బొమ్మ బోర్లించి చూస్తే నాకు అసలు కుళ్లు పుట్టింది. లెపర్డ్‌కి ఇంజను ఫ్లోర్ కింద, రెండు యాక్సిళ్ల మధ్య పడుకోబెట్టి ఉంటుంది. అంటే డ్రైవరు పక్కన బోనెట్ డబ్బా లేదు, డోరు ముందు చక్రానికీ ముందే, ఎక్కగానే డ్రైవరు. మన పాత ముందింజను బళ్లలో ఆ డబ్బా మీదే నలుగురు కూర్చుంటారు, తప్తపాణి ఘాట్ ఎక్కేసరికి కింద కాలిపోతుంది, అయినా ముందు సీటని ఎవడూ లేవడు. బొమ్మలో ఆ ఇంజను ఆకారం పైపైన అచ్చు పోసి వదిలేశారు, అక్కడ ఇంకొంచెం పనితనం చూపించాల్సింది.

రంగు పసుపు. 1961లోనే అలెగ్జాండర్ వాళ్ల పాత బస్సు సర్వీసుని మూడు ముక్కలు చేశారు, మిడ్‌ల్యాండ్‌కి నీలం, ఫైఫ్‌కి ఎరుపు, నార్తర్న్‌కి పసుపు. పెయింటు బాగానే ఉంది గానీ బీడింగు పట్టీ దగ్గర గీత కొంచెం పాకింది, మా పెయింటరు ఇలా చేస్తే ఓనరు డబ్బులు కోసేస్తాడు. సీట్లన్నీ ఒకే ప్లాస్టిక్ ముద్ద, డోరు తెరుచుకోదు. చక్రాలు మాత్రం సాఫీగా తిరుగుతున్నాయి.

ఇక అమ్మినోడి సంగతి. ఎడం పక్క మిర్రర్ విరిగొచ్చింది, ఫోటో పెడితే "ట్రాన్సిట్‌లో అయ్యుంటుంది" అని ఒక్క ముక్క రాసి మాయమైపోయాడు, డబ్బా లోపల చూస్తే చుట్టూ ఒక్క పేపరు ముక్క కూడా లేదు మరి. ఫెవిక్విక్‌తో నేనే అంటించుకున్నా. బొమ్మకి నాలుగు స్టార్లు, ప్యాకింగుకి సున్నా.

ఇప్పుడది షెడ్డులోనే ఉంటోంది. మొన్న మధ్యాహ్నం భోజనం చేసొచ్చేసరికి మేస్త్రీ దాన్ని ప్లైవుడ్ ముక్క పక్కన పెట్టుకుని సుద్దముక్కతో ఆ పిల్లర్ వాలు గీస్తున్నాడు. ఏటి మావా అంటే, ఊరికేనే అన్నాడు.