ప్రోగ్రెసివ్ లెన్స్: హార్డ్ డిజైనా, సాఫ్ట్ డిజైనా?

దూరానికీ చదువుకీ ఒకే కళ్లద్దంగా పనికొచ్చే ప్రోగ్రెసివ్ లెన్స్‌లో పవర్ పైనుంచి కిందికి గీత లేకుండా పెరుగుతుంది. అందుకే ఇరుపక్కలా మసక తప్పదు. కారిడార్ (లెన్స్ మధ్యలో పైనుంచి కిందికి దిగే స్పష్టమైన సన్నని దారి) వెంట పవర్ ఎంత వేగంగా మారితే, పక్కలకు అనవసరపు సిలిండర్ (మసక తెచ్చే పవర్) దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుందని మింక్‌విట్జ్ అనే పరిశోధకుడు 1963లోనే లెక్క తేల్చాడు. ఆ మసకను ఎక్కడ సర్దాలన్నదే అసలు డిజైన్.

హార్డ్ డిజైన్ దాన్ని అంచుల్లో కుదించి పెడుతుంది. దూరపు చూపుకీ చదువుకీ వెడల్పైన చోటు దొరుకుతుంది; కానీ తల తిప్పితే పక్కలు ఊగినట్టుంటాయి. సాఫ్ట్ డిజైన్ మసకను పలచగా పరుస్తుంది. స్పష్టమైన భాగం ఇరుకే, అలవాటు మాత్రం త్వరగా పడుతుంది.

మొదటిసారి, తక్కువ యాడ్‌తో (చదువు కోసం కలిపే అదనపు పవర్) వేసుకునేవాళ్లకు నేను సాఫ్టే చెబుతాను. పాత హార్డ్ లెన్స్‌తో హాయిగా ఉన్నవాళ్లు మార్చకపోవడమే మంచిది. ఏది తీసుకున్నా, కంటిపాప ఎత్తు కొలతను ఎంచుకున్న ఫ్రేమ్ పెట్టుకున్నాకే తీయించుకోండి.