ఐట్యూన్స్ స్టోర్‌లో పాట కొనడం: ధర ఒక ఎత్తు, కాపీ ఆంక్షలు మరో ఎత్తు

డిజిటల్ పాటలు కొనుక్కోవాలనుకునేవారు ఆపిల్ కంపెనీ ఆన్‌లైన్ పాటల దుకాణమైన ఐట్యూన్స్ స్టోర్‌ను నమ్మవచ్చా అంటే, ఇప్పుడైతే నిస్సందేహంగా నమ్మవచ్చంటాను. 2009కి ముందైతే ఆ మాట అనేవాణ్ణి కాను. అప్పటికీ ఇప్పటికీ ధరలో వచ్చిన తేడా కొద్దిపాటిదే గాని, కొన్న పాటపై మనకుండే హక్కులో వచ్చిన తేడా చాలా పెద్దది.

2003 ఏప్రిల్‌లో స్టోర్ మొదలైనప్పుడు పాట ధర 99 సెంట్లు. నచ్చిన ఒక్క పాట కోసం సీడీ మొత్తం కొనే అవసరం తప్పింది కాబట్టి అది చవకే. కానీ ప్రతి ఫైలుకూ ఫెయిర్‌ప్లే అనే డిజిటల్ తాళం ఉండేది. అనుమతి పొందిన కంప్యూటర్లలో, అంటే మొదట మూడింటిలో, 2004 నుంచి ఐదింటిలో మాత్రమే పాట వినిపించేది. ఆపిల్ సొంత ప్లేయరైన ఐపాడ్ తప్ప ఇతర కంపెనీల ప్లేయర్లు దాదాపు పనికొచ్చేవి కావు. అనుమతి రద్దు చేయకుండా పాత కంప్యూటర్‌ను అమ్మేస్తే, ఆ ఐదింటిలో ఒకటి దానితోపాటే పోయినట్టు లెక్క. సీడీలోకి ఎక్కించి తిరిగి ఎంపీ3గా మార్చుకుంటే తాళం ఊడేది గాని, అసలే సెకనుకు 128 కిలోబిట్లకు కుదించిన శబ్దం రెండోసారి కుదింపుకు లోనై మరికాస్త పలచబడేది.

2007 మేలో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ పాటలను తాళం లేకుండా, 256 కిలోబిట్ల నాణ్యతతో, 1.29 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టారు. సెప్టెంబరులో అమెజాన్ తాళం లేని ఎంపీ3లను 89 నుంచి 99 సెంట్లకే అమ్మకానికి పెట్టింది. మరుసటి నెలలోనే ఐట్యూన్స్ తన ధరను 99 సెంట్లకు దించింది. పోటీ ఉంటే కొనేవారికి ఎంత మేలో దీన్నిబట్టే తెలుస్తుంది. 2009లో మిగిలిన పాటలకూ తాళం తీసేసి, 69 సెంట్లు, 99 సెంట్లు, 1.29 డాలర్లు అనే మూడు ధరలు పెట్టారు. తాళం లేని పాటకు 1.29 డాలర్లు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే అంతకుముందే తాళంతో కొన్నవారు ఆ పాటలను మార్చుకోవడానికి పాటకు మరో 30 సెంట్లు కట్టాల్సి రావడం, నాణ్యత పెరిగిన మాట నిజమే అయినా, న్యాయమనిపించదు.

తాళం ఉన్న పాట ఎంత చవకైనా దాని ఆయుష్షు అమ్మినవారి చేతిలోనే ఉంటుంది. తన పాటల దుకాణమైన ఎంఎస్ఎన్ మ్యూజిక్‌లో కొన్న పాటలకు కొత్త కంప్యూటర్లలో అనుమతినిచ్చే సర్వర్లను ఆపేస్తామని 2008లో మైక్రోసాఫ్ట్ ప్రకటించి, నిరసనలు వచ్చాక 2011 దాకా పొడిగించింది. డబ్బు కట్టి కొన్నవారికి దక్కింది ఆ గడువు మాత్రమే.

నేటి ఐట్యూన్స్ ఫైలులో కొన్నవారి పేరు, ఖాతా వివరాలు నమోదై ఉంటాయి; పుస్తకం లోపలి పేజీలో పేరు రాసుకున్నట్టే, అది కాపీకి అడ్డు కాదు. లోటల్లా నాణ్యతలోనే. పాటలమ్మే మరో సైటు బ్యాండ్‌క్యాంప్ అదే కొనుగోలుపై నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలు కూడా ఇస్తుండగా, ఇక్కడ 256 కిలోబిట్లకు కుదించిన ఏఏసీ ఫైలు తప్ప దొరకదు. మరో జాగ్రత్త: ఆపిల్ మ్యూజిక్ చందాతో దించుకున్న పాటలూ, కొన్న పాటలూ ఒకే లైబ్రరీలో కలిసి కనిపిస్తాయి. మొదటివాటికి తాళం ఉంటుంది, చందా ఆగితే అవి పలకవు. అందువల్ల బ్యాకప్ తీసుకునేటప్పుడు ఫైలు పేరు చివర ఎం4ఏ (తాళం లేనిది) ఉందో, ఎం4పీ (తాళం ఉన్నది) ఉందో చూసుకోవాలి.