కాటుకకి పెళ్లిచూపులని వెళ్లి, బాబాయి వెంట్రుకలకి డబ్బు కట్టి వచ్చాం

ముందే చెప్పేస్తున్నా. కోనసీమకి కుక్కతో వెళ్లేవాళ్లు, లాడ్జివాళ్లు ఫోన్లో "తెచ్చుకోండి సార్, ఏం పర్లేదు" అన్నారని బయల్దేరిపోకండి. కుక్క ఎక్కడ పడుకుంటుంది, దానికి ఎంత తీసుకుంటారు, డిపాజిట్ దేనికి, ఈ మూడూ వాట్సాప్‌లో రాయించుకోండి. మేం రాయించుకోలేదు.

కాటుక మా నల్ల లాబ్రడార్. ఇంకో రెండు నెలలైతే రెండేళ్లు నిండుతాయి. దాని కడుపున ఒక్క కాన్పయినా చూడాలని నా ఆశ. మా ఆవిడకి మొదట్నుంచీ ఇష్టం లేదు. "పుట్టినవాటిని ఎవరికిస్తావ్, రాత్రిళ్లు ఎవరు మేలుకుంటారు" అని ఆర్నెల్లుగా ఒకటే పాట. అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరితోటలో, కుక్కల్ని పెంచి పిల్లలు తీసేవాళ్లంతా ఆదివారం కలుస్తున్నారని మిత్రుడొకడు చెప్పాడు. భీమవరం, పాలకొల్లు, కాకినాడ, రాజమండ్రి నుంచి వస్తారట. మంచి వంశంలో మగ లాబ్రడార్ కూడా వస్తోందట. మనిషికి 500, భోజనంతో కలిపి. కుక్కకి 200. సరే, పెళ్లిచూపులు కూడా అయిపోతాయని బయల్దేరాం. కోనసీమ అనగానే మా బాబాయి కూడా కారెక్కేశాడు. ఆయనకి 71.

రైల్లో ఎందుకు వెళ్లలేదంటారేమో. కుక్క మన పక్కనే ఉండాలంటే ఫస్ట్ ఏసీలో గది మొత్తం మనమే తీసుకోవాలి. లేదంటే గార్డు పెట్టెలో బోనులో ఎక్కించాలి. కాటుక ఉరుముకే మంచం కిందికి దూరుతుంది, దాన్ని బోనులో పెట్టి నేను నిద్రపోలేను. హైదరాబాద్ నుంచి రానూపోనూ పెట్రోలు, టోలు కలిపి 8,200 అయింది.

తణుకు దాటేదాకా చెప్పుకోడానికేం లేదు. రావులపాలెం దగ్గర మాత్రం ఇరుక్కున్నాం. శనివారం, పైగా కార్తీకమాసం. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కున్నవాళ్లంతా రోడ్డు మీదే ఉన్నారు. ముప్పావు గంట పోయింది. శనివారం పూట అటు వెళ్లకండి, వెళ్తే తెల్లారేలోపు దాటేయండి. కొత్తపేట మీదుగా కాలవ వెంబడి రోడ్డెక్కాక అందరి కోపాలూ చల్లారాయి. కాటుక కిటికీలోంచి మూతి బయటపెట్టి కొబ్బరిచెట్లని లెక్కపెడుతున్నట్టు కూర్చుంది.

ఇక లాడ్జి. అమలాపురంలో, బస్టాండుకి దగ్గర్లో. పేరు రాయను. కౌంటర్లో మనిషి కాటుకని చూసి, "కుక్కపిల్ల అన్నారు కదండీ, ఇది దూడలా ఉంది" అన్నాడు. పిల్ల అని నేననలేదు, లాబ్రడార్ అన్నాను. గది అద్దె 2,200. కుక్కకి విడిగా 1,000. డిపాజిట్ 1,500, ఏమీ పాడవకపోతే పొద్దున్నే ఇచ్చేస్తామన్నాడు. మొత్తం 4,700 కట్టించుకుని, రసీదు చేతిలో పెట్టాక అసలు విషయం చెప్పాడు. కుక్క గదిలోకి రాకూడదట. వెనక జనరేటర్ షెడ్డులో కట్టుకోవాలట.

"మరి ఈ వెయ్యి దేనికండీ?" అంది మా ఆవిడ.

"షెడ్డుకండీ" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

వేరే లాడ్జికి పోదామంటే ఆ రాత్రి ఊళ్లో ఎక్కడా గది లేదు. షెడ్డు చూశాను. కింద డీజిలు మరకలు, మూల ఎలకమందు పొట్లం. కుక్కనున్న చోట ఎలకమందు! దాన్ని అక్కడ వదిలే ప్రసక్తే లేదు. మా ఆవిడనీ బాబాయినీ గదిలో పడుకోమని, నేనూ కాటుకా కార్లో పడుకున్నాం. అద్దాలు దించితే దోమలు, ఎక్కిస్తే ఉక్క. కోనసీమ దోమ గురించి విన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి ఒకసారి జనరేటర్ మోగితే కాటుక నా మీదికెక్కి కూర్చుంది. ముప్ఫై కిలోలు.

పొద్దున్నే డిపాజిట్ అడిగితే 800 చేతిలో పెట్టాడు. 700 ఎందుకు పట్టుకున్నారంటే, రూమ్ బాయ్ చేత తలగడ గలీబు తెప్పించి కౌంటర్ మీద పరిచాడు. "చూడండి, కుక్క వెంట్రుకలు. లాండ్రీ వాడు ఒప్పుకోడండీ."

మూడు వెంట్రుకలున్నాయి. మూడూ తెల్లవే. మా కుక్క నల్లది. గడ్డం కింద కూడా తెల్ల మచ్చ లేదు. మా ఆవిడ ఏమీ అనకుండా బయటికెళ్లి, కారులోంచి కాటుకని తీసుకొచ్చి కౌంటర్ ముందు నిలబెట్టింది. వాడు కుక్కని చూశాడు, గలీబుని చూశాడు, ఆఖరికి మెట్ల దగ్గర నిలబడి తల దువ్వుకుంటున్న బాబాయిని చూశాడు. అయినా 700 ఇవ్వలేదు. "ఓనరు గారు లేరండీ, ఫోన్ చేసి వేయిస్తాం" అన్నాడు. బాబాయికి విషయం అర్థమయ్యేసరికి మేం ఊరు దాటేశాం. ఆ తర్వాత అంబాజీపేటదాకా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

తోట గేటు దగ్గరే మనసు కుదుటపడింది. ఒక కుర్రాడు టీకాల పుస్తకం అడిగి తేదీలు చూశాడు. నాలుగు నెలలు నిండని కుక్కపిల్లల్ని లోపలికి రానివ్వరు. చెప్పులకి, కుక్క పాదాలకి మందు నీళ్లు కొట్టారు. పాలకొల్లు నుంచి ఒకాయన రెండు నెలల పగ్ పిల్లని చంకలో పెట్టుకుని వచ్చి, తన పలుకుబడంతా చెప్పుకున్నాడు. అయినా పంపలేదు. ఆయన భార్య పిల్లతో కార్లోనే కూర్చోవాల్సొచ్చింది. నాకది తెగ నచ్చింది.

లోపల నలభై మంది, పాతిక కుక్కలు. మైకు లేదు, సన్మానాలు లేవు. కొబ్బరిచెట్ల కింద కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. ఒక పశువైద్యుడు కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో జబ్బు గురించి చెప్పాడు. టీకా వేయించినా పిల్ల ఎందుకు పోతుందో నాకు అప్పుడే తెలిసింది. తల్లి మొదటి పాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా పట్టదట. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో వారంలో అయిపోతుంది. అందుకే ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు దాటేదాకా వేస్తూనే ఉండాలి. పార్వోతో పిల్ల పోయిన ఇంటి మట్టిలో ఆ క్రిమి నెలల తరబడి బతికే ఉంటుంది, ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్ కలిపిన నీళ్లే దారి అన్నాడు. డెల్టా వాళ్లకి ఎలక జ్వరం మాట కూడా గట్టిగా చెప్పాడు. ఎలకల మూత్రం కలిసిన చేల నీళ్లు, కాలవ నీళ్లు తాగిన కుక్కకి వస్తుంది, దాన్నుంచి మనకీ రావచ్చు. ఏడాదికోసారి ఆ టీకా మానొద్దన్నాడు.

అసలు చూడాల్సింది ముప్ఫై ఏళ్లుగా జర్మన్ షెపర్డ్‌లు తీస్తున్న పెద్దాయన పుస్తకం. ఎర్రగుడ్డ అట్ట వేసిన జమాఖర్చుల పుస్తకం. కొట్లో పద్దు రాసినట్టే ప్రతి కాన్పుకీ ఒక పేజీ. పిల్లల మెడకి కట్టిన ఊలుదారం రంగే వాటి పేరు, పక్కన రోజువారీ బరువు గ్రాముల్లో. ఎరుపు 460, 450, 485. పసుపు 410, 395, 380. ఆ 380 పక్కన ఇంకేమీ లేదు, అడ్డంగీత. "మొదటిరోజు కాస్త తగ్గితే కంగారుపడక్కర్లేదండీ. రెండోరోజూ తగ్గిందంటే తెల్లారేదాకా ఆగకూడదు. నేనాగేను" అన్నాడు. రెండు వారాలదాకా వాటికి సొంత వేడి నిలవదట. మొదటి వారం పెట్టెలో 30 డిగ్రీలు ఉండాలని, అన్నం తినే కంచం పక్కన థర్మామీటర్ పెట్టుకునేవాడట.

గొడవా అయింది. కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, తన దగ్గర ఒక ఆడకుక్కకి ఏడాదికి రెండు కాన్పులు తీస్తున్నానని గొప్పగా చెప్పాడు. పెద్దాయన పుస్తకం మూసేశాడు. "మీ ఇంట్లో ఆడవాళ్లని అలాగే చూసుకుంటారా బాబూ?" 2017 నాటి కేంద్రం నిబంధనలు నోటికే చెప్పాడు. ఆడకుక్కకి ఏడాదిన్నర నిండాలి, వరుసగా రెండు ఎదలకి కట్టించకూడదు, జీవితం మొత్తమ్మీద ఐదు కాన్పులు మించకూడదు, ఎనిమిదేళ్లు దాటితే వదిలేయాలి, ఎనిమిది వారాల్లోపు పిల్లని అమ్మకూడదు. కుర్రాడు టీ కోసమని లేచి మళ్లీ కనబడలేదు.

కొల్లేరు వైపు నుంచి ఒక బాతుల కాపరి వచ్చాడు, పెద్దాయన పిలిపించాడట. కోతలైన చేలల్లో రాలిన గింజలకి బాతుల్ని తిప్పే మనిషి. వెంట జోనంగి, అటువైపు నాటు జాతి కుక్క. ఒంటిమీద బొచ్చు ఉన్నట్టే లేదు, నుదుట ముడతలు, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు మొహం. కొందరు "ఊరకుక్కకి 200 తీసుకున్నారా?" అని నవ్వారు. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి హస్కీలు, జర్మన్ షెపర్డ్‌లు ఫ్యాన్ల ముందు నాలుకలు వేలాడేసుకుని పడి ఉన్నాయి. ఇది మాత్రం చెట్టు మొదట్లో గబగబా గుంట తవ్వి, చల్లటి తడి మట్టిలో చుట్టుకుని పడుకుంది. గంటలో ఒక్కసారి కూడా మొరగలేదు. యజమాని పక్కకెళితే మాత్రం రాగం తీసినట్టు ఒక కూత. చేపలచెరువులు వచ్చి బాతులు తగ్గాయి, బాతులతోపాటే ఇవీ తగ్గాయి అన్నాడాయన. కాగితాలు లేనిది జాతెలా అవుతుందని ఎవరో అంటే పెద్దాయన, "మన పుంజులకి ఏ కాగితం ఉందండీ? రెక్క చూసి డేగా, కాకీ, నెమలీ అని చెప్పట్లేదూ?" అన్నాడు. గోదావరి జిల్లాల్లో దానికి ఎవరు ఎదురు చెప్తారు.

భోజనం 500కి చాలా ఎక్కువే పెట్టారు. ఆవ పెట్టిన కందబచ్చలి కూర రెండుసార్లు వడ్డించుకున్నాను. గుమ్మడికాయ దప్పళం, కొబ్బరి పెరుగుపచ్చడి, బొబ్బట్లు. గారెల్లో ఉల్లిపాయ వేశారు. కార్తీకమని బాబాయి తినడు కదా, తన ఆకులో గారె తీసి కాటుకకి వెయ్యబోయాడు. డాక్టరు గారు పక్క వరసలోంచి చెయ్యి పట్టుకున్నారు. "ఉల్లిపాయ మీకు నెల్లాళ్లే నిషేధమండీ, దానికి జన్మంతా. రక్తకణాలు విరిగిపోతాయి." పొద్దుట్నుంచి మూగనోములో ఉన్న బాబాయి అప్పుడు నోరు విప్పాడు.

పెళ్లిచూపుల సంగతి. మగ లాబ్రడార్ యజమాని ముందు బ్రూసెల్లా రక్తపరీక్ష కాగితం అడిగాడు. లేదన్నాను. "అది లేకుండా మావాణ్ణి పక్కన నిలబెట్టను కూడానండీ, ఏమీ అనుకోకండి" అన్నాడు. మొదట చిన్నతనంగా అనిపించింది. ఆ జబ్బు కడుపులు పోగొడుతుందని, మనుషులకీ అంటుకోవచ్చని విన్నాక ఆయన మీద గౌరవం పెరిగింది. ఈలోగా కాటుక బంతి వెనక పరిగెత్తుతుంటే డాక్టరు గారు చూసి, ఇంకోసారి పరిగెత్తించమన్నారు. వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతోంది. మేం ఇన్నాళ్లూ ముద్దుగా ఉందని వీడియోలు తీశాం. తుంటి కీలు ఎక్స్‌రే తీయించమన్నారు, ఆ లోపం పిల్లలకి దిగుతుంది, ఫలితం చూడకుండా కట్టించొద్దన్నారు. మా ఆవిడ నన్నేమీ అనలేదు, కాటుక వీపు నిమురుతూ కూర్చుంది. జత కట్టించడానికని తీసుకెళ్లిన 15,000 అలాగే వెనక్కి తెచ్చుకున్నాను.

ఆ రాత్రి రాజమండ్రిలో దిగాం. 2,600, కుక్కకి 300, గదిలోనే చాప వేశారు, బాగుంది. సోమవారం ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వస్తూ ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం, పది 300. బెల్లంవే కొనండి, చాక్లెట్ పూసినవి పిల్లల సరదాకే. అంతర్వేది చూద్దామనుకున్నాం, బాబాయి ఇంటికి పోదామన్నాడు.

హైదరాబాద్‌లో మత్తిచ్చి ఎక్స్‌రే తీశారు, 2,400. ఎడమ తుంటిలో కీలు గిన్నె లోతు తక్కువగా ఉంది. బరువు రెండు కిలోలు తగ్గించమన్నారు, ఈత కొట్టించమన్నారు. కాన్పు మాట ఇంక ఇంట్లో ఎత్తడం లేదు.

లాడ్జికి ఇప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఓనరు గారు ఇంకా రాలేదట. 700 వచ్చిందా అని బాబాయి మాత్రం రోజూ సాయంత్రం అడుగుతున్నాడు. తల దువ్వుకున్నాక దువ్వెన కూడా ఒకసారి చూసుకుంటున్నాడు.