మంగు మచ్చలతో ఐదేళ్లు: ఏది పనిచేసింది, ఏది చెడగొట్టింది

మొదట ఇప్పటి పరిస్థితి చెప్పేస్తాను. నా మొహం మీద మంగు పూర్తిగా పోలేదు. ఐదేళ్ల క్రితం రెండు బుగ్గలనూ, ముక్కునూ, పైపెదవి పైభాగాన్నీ కప్పేసిన మచ్చ ఇప్పుడు ఎడమ బుగ్గ మీద లేత చారగా మిగిలింది. ఎండాకాలంలో కాస్త ముదురుతుంది, కార్తీకం నాటికి పలచబడుతుంది. ఈ ఐదేళ్లలో మెడికల్ షాపు క్రీము, ఆమ్లం పూసి చర్మం పైపొర లేపే పీల్స్, లేజర్, మాత్రలు అన్నీ చూశాను. సుమారు లక్షా పదిహేను వేలు ఖర్చయింది. అందులో 45 వేలు పెట్టకుండా ఉండాల్సింది. విశాఖలో ఇదే బాధతో క్లినిక్‌ల చుట్టూ తిరుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు, వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండో కాన్పుకు ముందు ఏడో నెలలో మొదలైంది. "ఏటే, మొహం అలా నల్లబడిపోయింది? కాన్పయ్యాక పోద్దిలే" అంది మా అత్తయ్య. చాలామందికి అలాగే పోతుంది. బాబుకు ఏడాది నిండినా నాకు పోలేదు. గోపాలపట్నం నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా సిరిపురం దాకా రోజూ స్కూటీ మీద ఆఫీసుకి వెళ్లొస్తాను. ఉదయం ఎండ, సాయంత్రం ఎండ, రెండూ మొహానికే. అప్పట్లో ఎండకీ మంగుకీ సంబంధం ఉందని నాకెవరూ చెప్పలేదు.

పార్లర్‌లో ఒకావిడ ఒక ట్యూబు పేరు రాసిచ్చింది. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చారు, చీటీ అడగలేదు. రెండు వారాల్లో మొహం తేటబడింది. ఆఫీసులో అందరూ ఏం రాస్తున్నావని అడిగారు. ఆ సంతోషంలో ఎనిమిది నెలలు రాశాను. మానిన నాలుగో రోజు నుంచి మొహం ఎర్రగా కంది మంట మొదలైంది. నీళ్లు తగిలినా మంటే. గడ్డం మీద మొటిమలు, చెంపల మీద సన్నటి నూగు వెంట్రుకలు. మంగు మునుపటికంటే నల్లగా తిరిగొచ్చింది.

ట్యూబు చూడగానే స్కిన్ డాక్టరుకు విషయం అర్థమైంది. అందులో రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, పైపొర త్వరగా మారేలా చేసే ట్రెటినాయిన్, వాటితోపాటు స్టెరాయిడ్ ఉన్నాయి. ఈ మూడింటి కలయిక మంగుకు మందే. 1975లో క్లిగ్‌మన్ అనే అమెరికా డాక్టరు రూపొందించిన సూత్రం దాని మూలం. కాకపోతే డాక్టరు చూస్తూ కొన్ని వారాలు మాత్రమే వాడించాల్సింది. నెలల తరబడి రాస్తే స్టెరాయిడ్ చర్మాన్ని పలచబరుస్తుంది. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని మందుల్లో చేర్చింది. అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు రాయకుండా కొనకూడని మందు. దయచేసి ఆ గీత చూడండి. నా ఎనిమిది నెలల పొరపాటు సర్దుకోవడానికే నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ డాక్టరు మంగు జోలికే పోలేదు, మాయిశ్చరైజరూ సన్‌స్క్రీనూ తప్ప ఏమీ ఇవ్వలేదు.

ఆ తర్వాత చీకటి గదిలో ఊదారంగు దీపం పెట్టి మొహం చూశారు. రంగు పైపొరలో ఉంటే ఆ వెలుగులో మచ్చ అంచులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయట, లోపొరలో ఉంటే పెద్దగా తేడా ఉండదట. నాకు రెండు చోట్లా ఉంది. మంగుకు వేరే కారణం ఏమైనా ఉందేమోనని థైరాయిడ్ పరీక్ష చేయించారు, గర్భం రాకుండా మాత్రలేమైనా వాడుతున్నానా అని అడిగారు. ఇవేవీ అడగకుండా నేరుగా ప్యాకేజీ చెప్పే చోట నేనిక కూర్చోను.

పీల్స్ గురించి భయం వద్దు. నాకు చేసింది గ్లైకోలిక్ యాసిడ్‌తో. చెరకులో ఉండే రకం ఆమ్లం అన్నారు. మాది అనకాపల్లి, చెరకు మాట వినగానే సగం భయం పోయింది. మొదట 20 శాతం, తర్వాత 35 శాతం. మూడు వారాలకొకటి చొప్పున ఆరు. ఒక్కోదానికి 2,500 తీసుకున్నారు. రాసిన రెండు మూడు నిమిషాలు చురచురమంటుంది, పక్కన చిన్న ఫ్యాన్ పెడతారు, తర్వాత ఆమ్లం విరిగేలా ఇంకో ద్రవం పూసి కడిగేస్తారు. మూడో రోజు నుంచి సన్నగా పొట్టు లేస్తుంది. ఆ పొట్టు గిల్లొద్దు. నేనొకసారి గిల్లితే అక్కడ పడ్డ నల్లమచ్చ పోవడానికి మూడు నెలలు పట్టింది. ఆరు పీల్స్ అయ్యేసరికి పైపెదవి మీద మచ్చ పూర్తిగా పోయింది, ముక్కు మీద దాదాపు పోయింది. బుగ్గల్లో లోపలున్నది మాత్రం కదల్లేదు.

అక్కడ నాకు ఓపిక నశించింది. మా ఆడపడుచు కూతురి పెళ్లి దగ్గరపడుతోంది, ఫొటోల్లో ఈ మొహంతో కనిపించడం నాకు ఇష్టం లేదు. ఇంకో క్లినిక్‌లో పది సిట్టింగుల లేజర్ టోనింగ్‌కు 45 వేలు కట్టేశాను. క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ అనే యంత్రం. అతి తక్కువ శక్తితో, కంటికి కనిపించని కాంతిని క్షణంలో అతి చిన్న భాగంపాటు వదిలి రంగు రేణువులను పగలగొడుతుంది. నొప్పి పెద్దగా లేదు, రబ్బరు బ్యాండు తగిలినట్టుంటుంది. నాలుగో సిట్టింగుకి చాలా బాగుంది. పెళ్లి ఫొటోల్లో నా మొహం చూసి ఏడ్చాను, సంతోషంతో. ఏడో సిట్టింగు తర్వాత బుగ్గ మీద బియ్యపు గింజంత తెల్లచుక్కలు కనిపించాయి. యంత్రం పట్టుకున్న అమ్మాయికి చూపిస్తే అవే సర్దుకుంటాయంది. అప్పటికి ఆ క్లినిక్‌లో నన్ను డాక్టరు చూసింది ఒక్కసారి, మొదటి రోజు. ఆపేశాను. మూడు నెలల్లో మంగు మళ్లీ వచ్చింది.

లేజర్ చెడ్డదని నేను అనను. మనలాంటి చామనఛాయ చర్మంలో రంగు తయారుచేసే కణాలు చురుగ్గా ఉంటాయి, ఎక్కువ వేడి తగిలితే ఇంకా రెచ్చిపోతాయి. పచ్చబొట్టు తీయించుకోవడానికీ, వెంట్రుకలకూ బాగా పనిచేసినవాళ్లను చూశాను. మంగుకు మాత్రం దాన్ని చివరి దారిగా, స్కిన్ డాక్టరే దగ్గరుండి చేస్తేనే ఒప్పుకోండి. నా తెల్లచుక్కలు కలిసిపోవడానికి ఏడాదిన్నర పట్టింది. రెండు ఇప్పటికీ ఉన్నాయి.

సిగ్గుపడుతూనే పాత డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రాశారు, 250 మిల్లీగ్రాములు, రోజుకు రెండు, మూడు నెలలు. నిజానికి ఇది రక్తస్రావం ఆపే మందు, నెలసరిలో ఎక్కువ పోయేవాళ్లకు ఇస్తారు. అందుకే ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బు ఉందా, పక్షవాతం వచ్చిందా అని పావుగంట అడిగి గానీ రాయలేదు. ఎవరో వాడారని సొంతంగా కొనుక్కునే మందు కాదిది. నా బుగ్గల లోపలి మచ్చను కదిలించింది ఇదే. ఆపాక కొంత తిరగబెట్టింది, ఏడాది తర్వాత ఇంకోసారి వాడించారు. తెల్లబడటానికి గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు వేయించుకోనా అని అడిగితే మాత్రం గట్టిగా వద్దన్నారు.

ఇవన్నీ చేసిన మేలును నిలబెట్టింది సన్‌స్క్రీన్. మొదటి రెండేళ్లూ నేను రాసింది తప్పు పద్ధతి. శనగగింజంత తీసుకుని పొద్దున ఒకసారి రాసి ఊరుకునేదాన్ని. మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండాలి. ట్యూబు మీదుండే ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా చర్మాన్ని కమిలించే కిరణాల లెక్క. పక్కనుండే పీఏ ప్లస్‌లు నల్లబరిచే కిరణాల లెక్క, అవి కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి. ఆఫీసులో కిటికీ పక్క సీటు అందుకే వదులుకున్నాను. మంగుకు మామూలు వెలుగు కూడా పడదు. దాన్ని ఆపాలంటే ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత గోధుమరంగు ఉన్న సన్‌స్క్రీన్ కావాలి. అది మొదలుపెట్టాకే ఎండాకాలంలో మచ్చ ముదరడం తగ్గింది. కానీ మన ఊరి ఉక్కలో జిడ్డు క్రీము నిలవదు, మద్దిలపాలెం సిగ్నల్ దగ్గరికే చెమటతో కారిపోతుంది. జెల్ రకం చూసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకు మొహం కడిగి మళ్లీ రాస్తాను. పైన నూలు చున్నీ, హెల్మెట్. ట్యూబు 25 రోజులు వస్తుంది. ఖర్చే, కాదనను. కానీ ఐదేళ్ల సన్‌స్క్రీన్ ఖర్చు ఆ ఒక్క లేజర్ ప్యాకేజీకంటే తక్కువ.

ఇప్పుడు రాత్రిపూట అజెలాయిక్ యాసిడ్ క్రీము, చలికాలంలో రెండు పీల్స్, అంతే. ఒక ఏడాది అక్షయ తృతీయకు సింహాచలంలో నిజరూప దర్శనం క్యూలో మిట్టమధ్యాహ్నం దాకా నిలబడితే వారంలో మంగు నల్లగా పొంగింది. ఈ ఏడాది తెల్లవారకముందే మా ఆయన, నేను, పిల్లలు క్యూలోకి వెళ్లిపోయాం. ఎండ ముదిరేలోపు దర్శనం చేసుకుని కొండ దిగాం. వారం తర్వాత అద్దంలో చూసుకుంటే చార అలాగే లేతగా ఉంది.